డేగ బురుజు మీద మొదటి నిచ్చెన

తల్ అర్నబ్ కోట,
హిజ్రీ 683, ముహర్రం 9

అక్క లుబాబాకు తమ్ముడు వహబ్ సలాములు.

చేరాను. బతికే ఉన్నాను. ఈ రెండు ముక్కలూ ముందు రాయకపోతే మిగతా ఉత్తరం చదవనన్నావు కాబట్టి ముందే రాసేశాను.

డమాస్కస్‌లో నువ్వు భయపడ్డట్టు ఇక్కడ ఏమీ లేదు. అమీర్ తాష్‌బుగా గారి దగ్గర నూట నలభై గుర్రాలు, రెండు వందల మంది మనుషులు, ఒక్క గుర్రాల వైద్యుడు. ఆ ఒక్కడూ నేనే. ఎదురుగా కొండ మీద, సముద్రం దాటొచ్చి స్థిరపడ్డ ఫ్రాంకుల డేగ బురుజు కనిపిస్తుంది. మధ్యలో ఉన్న పొలాల పంట చెరిసగం, తిరగలి మిల్లు ఉమ్మడి. వాళ్ళ గాడిదా మన గాడిదా ఒకే వరసలో నిలబడి పిండి కోసం ఎదురు చూస్తాయి. పదేళ్ళ పది నెలల పది రోజుల సంధి జమాదిల్ అవ్వల్ ఇరవైన ముగుస్తుందట. ఆ తర్వాత యుద్ధమని అందరూ అంటారు. అంటూనే వాళ్ళతో కూర్చుని చదరంగం ఆడతారు.

మనవాళ్ళు మాత్రం రోజూ సాధన చేస్తారు. స్తంభం మీద సొరకాయ బుర్ర పెట్టి, అందులో పావురాన్ని ఉంచి, పరిగెత్తే గుర్రం మీంచి బాణం వేస్తారు. బుర్ర పగిలితే పావురం ఎగిరిపోతుంది. నిన్న ఎవరి బాణమూ తగల్లేదు. పావురం లోపలే నిద్రపోయింది.

ఒక చిన్న సంగతి. అమీర్ గారి యుద్ధపు గుర్రానికి దవడ పళ్ళ అంచులు అరగదీస్తుంటే అది నా డొక్కలో ఒక్క తన్ను తన్నింది. పక్కటెముక విరిగిందని ఇక్కడి మంగలి అంటాడు. మూడు రోజులు పడుకున్నాను. ఇప్పుడు నవ్వితేనే నొప్పి. కాబట్టి నవ్వొచ్చేట్టు రాయకు.

తప్పంతా నా ఆకురాయిది, అరిగిపోయింది. మన వీధి చివర కత్తులు చేసే ఉస్తాద్ మిఖ్దాద్ చేత మూరెడు పిడితో కొత్తది చేయించి పంపు. ఎలాగూ వెళ్తావు కదా, ఆయన కూతురు సబీహా సంగతి కూడా ఒకసారి కదిపి చూడు. మరీ గట్టిగా కదపకు.

నీ
వహబ్

డమాస్కస్, జీనుల వీధి,
సఫర్ 3

పక్కటెముక విరిగిన నా తండ్రి వహబ్‌కు అక్క దీవెనలు.

నీ ఉత్తరం నేను స్నానానికి హమ్మాంకు బయలుదేరుతుంటే అందింది. చదువుకుంటూనే వెళ్ళాను. అక్కడ ఉమ్ హాజిం కూర్చుని ఉంది. వాళ్ళ హాజింను మీ కోటకే పంపారట, అశ్వదళంలో వేశారట, వెండి బిళ్ళల నడికట్టు ఇచ్చారట. అన్నీ చెప్పి, ఒంటికి సబ్బు రుద్దుకుంటూ, "మీ వహబ్ కూడా అక్కడేగా లుబాబా, గుర్రాల నోట్లో చెయ్యి పెడతాడట పాపం" అంది. పదిమంది ఆడవాళ్ళు నవ్వారు.

నేనేం చెయ్యను? "మావాడు పక్కటెముక విరిగి పడుకున్నాడు, యుద్ధపు గుర్రం ముందు వెనక్కి తగ్గలేదు" అన్నాను. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం ఉంటే చూపించు. ఆ గుర్రం ఎవరిదని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. నేను ఒళ్ళు తుడుచుకునేసరికి నిన్ను కొట్టింది ఇనప గద అయింది. ఇంటికొచ్చేసరికి ఆ గద పట్టుకున్నవాడు గుమ్మమంత ఎత్తు ఫ్రాంకు అయ్యాడు. అదంతా వాళ్ళ పని, నాది కాదు.

ఆకురాయి పంపుతున్నాను. "ఎందుకమ్మా" అని మిఖ్దాద్ అడిగితే శత్రువుల పళ్ళు అరగదీయడానికన్నాను. ఆయన వెంటనే లోపలికెళ్ళి మంచి ఇనుము తెచ్చాడు. ముందు ఏమనేవాడో గుర్తుందిగా, కత్తుల మధ్య పెరిగిన పిల్లను పేడ వాసన కొట్టేవాడికి ఇవ్వనని. ఇప్పుడు, "గాయం తిన్న మనిషి అంటే వేరే మాట" అన్నాడు. పని సగం అయినట్టే. నువ్వు చెయ్యాల్సిందల్లా కొంచెం వీరుడిలా ఉండటమే.

పక్కకు ఆముదం వెచ్చచేసి రాయించుకో.

అక్క

తల్ అర్నబ్,
సఫర్ 27

అక్కా,

ఏం చేశావు అక్కా. ఇక్కడ యుద్ధమే లేదు. హాజిం నిన్న నా దగ్గరికొచ్చి, "ఏంరా, గదదెబ్బ తిన్నావట, మా అమ్మ రాసింది. నేనెప్పుడూ చూడలేదే" అన్నాడు. అప్పుడు మేమిద్దరం గుర్రాలకు గడ్డి వేస్తున్నాం. దయచేసి ఆ మాట వెనక్కి తీసుకో.

ఆకురాయి అందింది. పిడికి కత్తి పిడిలా అడ్డకమ్మీ పెట్టాడు, దాని మీద 'విజయం అల్లా చేతిలో' అని చెక్కాడు. అమీర్ గారి గుర్రానికి చదువు రాదు, అయినా ఈసారి బుద్ధిగా నోరు తెరిచింది.

తపాలా రౌతు గుమ్మంలో నిలబడి తొందర పెడుతున్నాడు. ఒక్క మాట. రేపటి నుంచి పది రోజులు ఫ్రాంకుల చేతిలో ఉంటాను. అమీర్ గారికి తెలుసు. కంగారు పడకు.

వహబ్

డమాస్కస్,
రబీ ఉల్ అవ్వల్ 15

నా తండ్రీ, ఈ ఉత్తరం నీ చేతికి అందుతుందో లేదో.

'ఫ్రాంకుల చేతిలో ఉంటాను' అన్న ముక్క చదివి గుమ్మంలోనే కూలబడ్డాను. శత్రువుకు చిక్కబోతూ కూడా అక్కను కంగారు పడొద్దన్నాడే అని వీధి వీధంతా ఏడ్చింది. మిఖ్దాద్ కొలిమి ఆర్పేసి మసీదుకు వెళ్ళాడు. ఉమ్ హాజిం గోధుమ జావ వండి పెద్ద గిన్నెతో తెచ్చింది. నా వీపు నిమిరి, "నేనలా అనకుండా ఉండాల్సింది" అంది. నేను కూడా కొన్ని అనకుండా ఉండాల్సింది కానీ, ఆ పూట చెప్పే ఓపిక లేకపోయింది.

ఊరికే కూర్చోలేదు. సుల్తాన్ ప్రతినిధి నాయబ్ గారి కచేరీకి వెళ్ళి అర్జీ ఇచ్చాను. నా తమ్ముడు వహబ్ ఇంతటివాడు, అంతటివాడు, శత్రువు ముందు వెనక్కి తగ్గనివాడు, వాణ్ణి విడిపించండి అని రాశాను. చిన్నవాడి గురించైతే వాళ్ళు పట్టించుకోరని కొంచెం పెద్దచేసి రాశాను.

ఈ ఉత్తరం తెరిచే ఫ్రాంకులారా, ఇక్కడి నుంచి మీకు. ఆ పిల్లవాడికి వంకాయ పడదు, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. చలిగాలి తగిలితే చెవిపోటు. వాడు మీ మీద కత్తి ఎత్తి ఉండడు, వాడికి ఎత్తడం రాదు. మీకూ అక్కలు ఉంటారు.

లుబాబా

తల్ అర్నబ్,
రబీ ఉస్సానీ 2

అక్కా,

నేను ఖైదీని కాను. ఎప్పుడూ కాలేదు. డేగ బురుజు దొరసాని గుర్రానికి కడుపుశూల వస్తే వైద్యానికి వెళ్ళాను. అంతే. సగం ముక్క రాయడం నా తప్పు, మిగతాదంతా నీది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు రెండోసారి గుర్రాన్ని చూడటానికి మళ్ళీ అక్కడే ఉన్నాను. దొరసాని ఆవెలీన్‌కు డెబ్బై ఏళ్ళు. ఈ కొండ మీదే పుట్టింది. మన భాష మన రైతుల్లాగే మాట్లాడుతుంది, తిట్లతో సహా. "ఏం రాసిందిరా మీ అక్క, మొహం అలా పెట్టావు" అంది. చదివి వినిపించాను. వంకాయ దగ్గరికొచ్చేసరికి కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. వంటవాణ్ణి పిలిచి, "వీడి పళ్ళెంలోంచి ఆ కూర తియ్యరా" అంది. నీకు జున్ను ఒక కుండ పంపింది. "మీ అక్కకు చెప్పు, వీణ్ణి నేను ఉంచుకోను, తిండి ఎక్కువ" అంది. పడవ దిగి నాలుగు నెలలు కాని ఆమె మేనల్లుడొకడు ఉన్నాడు. యుద్ధం ఎప్పుడు, ఎప్పుడు అని గోడల మీద తిరుగుతుంటాడు. అతనికి మాత్రం నవ్వు రాలేదు.

ఇప్పుడు నవ్వు రాని సంగతి రాస్తాను. కూర్చుని చదువు.

నీ అర్జీ కచేరీకి చేరింది. అదే వారం మా కోట నుంచి వెళ్ళిన నివేదికలో 'వహబ్ ఫ్రాంకుల బురుజు నుంచి క్షేమంగా తిరిగి వచ్చాడు' అని ఉంది. గుమాస్తా ఎవరో రెండూ కలిపి కుట్టేశాడు. నిన్న అమీర్ గారు నన్ను పిలిచారు. చేతిలో ముద్ర వేసిన కాగితం.

"ఏరా, నువ్వెప్పుడు తప్పించుకున్నావు?"

"తలుపులోంచి నడిచొచ్చాను హుజూర్. దొరసాని జున్ను కూడా ఇచ్చింది."

"మరి ఇదేంటి? ఒంటరిగా శత్రువుల చెర నుంచి తప్పించుకున్న వీరుడు, బురుజు లోపలి దారులు తెలిసినవాడు. దాడి రోజున మొదటి నిచ్చెన గౌరవం అతనికే ఇవ్వాలి. కింద నాయబ్ గారి ముద్ర."

"హుజూర్, నేను గుర్రాల వైద్యుణ్ణి."

"అది నాకు తెలుసురా. నాయబ్ గారికి ఎవడు చెప్పాలి, మీరు మోసపోయారని? నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

అమీర్ గారు ఆ కాగితం మడిచేశారు. తర్వాత ఆయన ఇనప గొలుసుల చొక్కా ఒకటి ఇప్పించారు. మోకాళ్ళ కిందికి వస్తోంది.

అక్కా, మొదటి నిచ్చెన ఎక్కేవాడి మీద ఏమేం పోస్తారో నాకు తెలుసు. లోపల నూనె కాచే బానలు చూశాను. ఇంతవరకూ నాకు భయమంటే గుర్రం వెనక కాళ్ళే. ఇప్పుడు వేరే రకం తెలిసింది. సంధికి ఇంక నలభై ఎనిమిది రోజులుంది. కచేరీకి వెళ్ళి నిజం చెప్పు.

వహబ్

డమాస్కస్,
రబీ ఉస్సానీ 25

వహబూ,

నా నోరే నిన్ను ఆ గోడ దగ్గర నిలబెట్టింది. ఇంకేమని మొదలుపెట్టను.

కచేరీకి ఆరుసార్లు వెళ్ళాను. గుమాస్తా కాగితం మీంచి తలెత్తకుండా, "మొన్నటిదాకా వీరుడన్నావు, ఇవాళ కాదంటున్నావు. ఏది నిజమమ్మా?" అన్నాడు. ఇవాళ్టిది అన్నాను. "దాడికి ముందు ప్రతి అక్కా ఇవాళ్టిదే నిజమంటుంది" అన్నాడు.

తిరిగొస్తూ మిఖ్దాద్ కొట్టు దగ్గర ఆగి అంతా చెప్పేశాను. గద లేదు, ఫ్రాంకు లేడు, చెర లేదు, తన్నింది మన గుర్రమే అని. ఆయన చేతిలో ఉన్న కత్తిని నీళ్ళలో ముంచి, ఆవిరి తగ్గాక అన్నాడు.

"నలభై ఏళ్ళుగా కత్తులు చేస్తున్నానమ్మా. ఒక్కటి కూడా ఎవరి మీదా ఎత్తలేదు. ఎత్తినవాళ్ళ కథలు వింటూ బతికాను. అలాంటివాడు ఒకడు నా ఇంట్లో కూర్చుని అన్నం తింటే చూడాలనిపించింది. అంతే."

కోప్పడి ఉంటే బాగుండేది.

లోపల్నుంచి సబీహా వచ్చింది. "నాకు మొదటే తెలుసు నాన్నా. గదతో ఎముక విరగ్గొట్టించుకున్నవాడు ఆ వారమే గుర్రం పళ్ళ ఆకురాయి కావాలని రాస్తాడా?" అంది. నేను, "మరి ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "మా నాన్న ఒప్పుకున్నాడు కదా, ఎందుకు చెడగొట్టాలి" అంది. అంటే ఏమిటో అర్థం చేసుకో. ఆ తర్వాత ఆ పిల్లకు నిచ్చెన సంగతి చెప్పాను. "మొదటి నిచ్చెనా?" అని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

హమ్మాంలో కూడా చెప్పాను, అందరి ముందూ. నవ్వుతారనుకున్నాను. ఉమ్ హాజిం తలకు నీళ్ళు పోసుకోవడం ఆపి, "మావాడూ ఉత్తరాల్లో కడుపునొప్పి గురించే రాస్తాడు లుబాబా. పోట్లాటలన్నీ నేను కల్పించినవే" అంది. మేమిద్దరం ఆ రాతిబల్ల మీద కూర్చుని, ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటూ ఏడ్చాం.

నేరేడు రంగు దారంతో కుట్టిన దూది చొక్కా పంపుతున్నాను. ఆ ఇనుము లోపల వేసుకో. సబీహా కుట్టింది. ఒక్క రోజులో కుట్టింది.

అక్క

తల్ అర్నబ్,
జమాదిల్ అవ్వల్ 24

అక్కా,

బతికే ఉన్నాను. హాజిం కూడా. ఇప్పుడు కూర్చుని స్థిమితంగా చదువు, ఈసారి మొత్తం రాస్తున్నాను.

ఇరవయ్యో తేదీ పొద్దున సంధి గడువు తీరింది. నగారాలు మోగాయి. దొరసాని తలుపు లోపల రాళ్ళు పేర్పించేసింది. మేం గోడ కిందికి నిచ్చెనలు మోసుకెళ్ళాం. మొదటి నిచ్చెన ముందు నేను. నా వెనక హాజిం. వాడి పళ్ళు టకటకమని కొట్టుకోవడం నాకు వినిపిస్తోంది. నావి వాడికి వినిపించే ఉంటాయి.

పైనుంచి ఒక గొంతు వచ్చింది. "ఒరేయ్ వైద్యుడా, ఆ చొక్కా ఎవరిదిరా? నీలాంటివాళ్ళు ఇద్దరు పడతారు."

దొరసానే. మా వాళ్ళు నవ్వారు. పైన వాళ్ళ మనుషులూ నవ్వారు. నేను అలవాటుగా, "గుర్రం ఎలా ఉందమ్మా?" అన్నాను.

ఆమె మొహం మారింది. "తెల్లవారుజాము నుంచి నొప్పులు పడుతోంది. ఒక్క కాలు బయటికొచ్చింది, రెండోది రావడం లేదు. ఇక్కడ ఎవడికీ చేతకాదు."

అక్కా, ఆ గుర్రం చూలుతో ఉందని నాకు తెలుసు. ఒక కాలు లోపల మడతపడితే తల్లీ పిల్లా రెండూ పోతాయి. మధ్యాహ్నం దాకా కూడా ఆగవు. వెనక్కి తిరిగి అమీర్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆ చొక్కాతో పరుగంటే పరుగు కాదు.

"హుజూర్, ఒక్క పూట ఆగండి. గుర్రం ఈనలేకపోతోంది."

"ఎవరి గుర్రం?"

"దొరసానిది."

ఆయన గుర్రాలను ప్రేమించే మనిషి. బురుజు వంక చూశారు, సూర్యుడి వంక చూశారు. "పొద్దు వాలే అసర్ నమాజు దాకా" అన్నారు. తర్వాత గడ్డం నిమురుకుని, "తలుపు మూసేశారు కదరా, ఎలా వెళ్తావు?" అన్నారు. నేను నిచ్చెన వంక చూశాను. ఆయన నవ్వు ఆపుకున్నారు. "వెళ్ళు. ఆజ్ఞ కూడా అదేగా."

ఇనప చొక్కా తీసేసి, దూది చొక్కా మీదే, చంకలో ఆలివ్ నూనె కుండతో ఎక్కాను. ఇరవై ఆరు మెట్లు. పైన ఆ మేనల్లుడు కత్తి దూసి నిలబడ్డాడు. దొరసాని చేతికర్రతో అతని మోకాలి మీద కొట్టి, "జరుగు, దారివ్వు" అంది. నన్ను గోడ మీంచి లోపలికి లాగింది ఆమె వంటవాడే.

మోచేతి పైదాకా నూనె రాసుకుని, పిల్లను కొంచెం లోపలికి తోసి, మడతపడ్డ కాలు వెతికి తిప్పడానికి చాలాసేపు పట్టింది. నా చెయ్యి తిమ్మిరెక్కిపోయింది. దొరసాని గడ్డి మీద కూర్చుని, గుర్రం తల ఒళ్ళో పెట్టుకుని, మన భాషలో ఒకసారి, వాళ్ళ భాషలో ఒకసారి దానితో మాట్లాడుతూనే ఉంది. చివరికి జారి బయటపడింది. నల్లటి ఆడపిల్ల, నుదుటి మీద తెల్ల చుక్క. ఊపిరి తీయలేదు. ముక్కులో గడ్డి పుల్ల పెట్టి గిలిగింతలు పెట్టాను. తుమ్మింది. ఆ మేనల్లుడు, అక్కా, కత్తి పక్కన పడేసి పిల్లకు ఒళ్ళు తుడిచాడు.

చేతులు కడుక్కుంటుంటే దొరసాని అడిగింది. "నాకు పందొమ్మిది మంది ఉన్నారు. మీరు రెండు వందలు. మీ అమీర్ మాట ఇస్తే నిలబెట్టుకుంటాడా?"

"అమ్మా, నాకు తెలిసిందొక్కటే. ఈ నాలుగు నెలల్లో ఆయన ఏ గుర్రానికీ దాణా తగ్గించలేదు. తనకు రొట్టె లేని రోజున కూడా."

ఆమె గుర్రం మెడ నిమిరింది. "సరే, అది చాలు" అంది.

మధ్యాహ్నానికి బురుజు అప్పగించే షరతులు రాసుకున్నారు. బురుజు వాళ్ళు తమ బట్టలు, ఆయుధాలతో సముద్రపు రేవుకు క్షేమంగా పోవచ్చు. ఒక్క బాణం పడలేదు. హాజింకు ఆ పూట నిజంగానే కడుపునొప్పి వచ్చింది, సంతోషంతో.

మర్నాడు ఆమె వెళ్ళిపోయింది. పుట్టిన ఇల్లు కదా, తిరిగి చూస్తుందనుకున్నాను. చూడలేదు. తల్లి గుర్రం దూరం నడవలేదు, పిల్లను పడవ ఎక్కించలేరు. అమీర్ గారి ముందే రెండు పగ్గాలూ నా చేతిలో పెట్టింది. "నీ కూలి. పెద్దదానికి సాయంత్రం చన్నీళ్ళు పెట్టకు" అంది. నేను సరే అన్నాను.

అమీర్ గారు డమాస్కస్‌కు రాసిన నివేదిక నాకు చదివి వినిపించారు. 'ఆజ్ఞ ప్రకారం వహబ్ మొదటి నిచ్చెన ఎక్కాడు. శత్రువు కత్తి ఎదురుగా ఉన్నా వెనక్కి తగ్గలేదు. బురుజు ఆ రోజే లొంగింది.' "ఇందులో అబద్ధం ఏదైనా ఉందా?" అని అడిగారు. ఆ ప్రశ్న నేను ఇదివరకు ఎక్కడో విన్నాను అక్కా.

నాకు సెలవిచ్చారు. వస్తున్నాను.

వహబ్

డమాస్కస్,
జమాదిస్సానీ 8

నా తమ్ముడు వహబ్‌కు, దారిలో ఏ సత్రంలో అందితే అక్కడ.

నీ ఉత్తరం కంటే ముందు దండోరా వచ్చింది. డేగ బురుజు మీద మొదట కాలు పెట్టినవాడు జీనుల వీధి వహబ్ అని బజారంతా చాటారు. నేను ఇంటింటికీ తిరిగి, అయ్యా, వాడి చేతిలో ఉంది నూనె కుండ అని చెప్తున్నాను. ఒక్కరూ నమ్మడం లేదు. "వీరుల ఇంట్లో ఆడవాళ్ళకు ఈ వినయం ఉంటుంది" అంటున్నారు. నిజం చెప్పి ఇంతగా ఓడిపోతాననుకోలేదు. నమ్మింది ఉమ్ హాజిం ఒక్కతే. మిఠాయి పంచింది, మీ ఇద్దరి పేరుమీదా.

నీ ఉత్తరం మిఖ్దాద్ ఇంట్లో చదివాను. నిచ్చెన సంగతి దగ్గరికొచ్చేసరికి ఆయన, "ఎన్ని మెట్లన్నావు?" అని మళ్ళీ అడిగాడు. ఇరవై ఆరన్నాను. "చేతిలో కత్తి లేకుండా" అన్నాడు తనలో తాను. తర్వాత అడగకుండానే, "ఖాజీని పిలిపించమ్మా" అన్నాడు.

రేవు నుంచి వచ్చిన వర్తకుడొకడు చెప్పాడు, ఒక ముసలి దొరసాని ఓడ సరంగును మన భాషలో తిడుతుంటే రేవంతా చేరి విన్నదట. క్షేమంగా చేరింది. నీకు చెప్పాలని రాస్తున్నాను.

నిన్న ఖాజీ గారు వచ్చి, తెర వెనక ఉన్న సబీహాను, వరుడిచ్చే కానుక మహర్‌గా ఏం కావాలమ్మా అని అడిగారు. పట్టు అంటుందని నేను, వెండి అంటుందని వాళ్ళ నాన్న అనుకున్నాం.

"ఆ నల్ల గుర్రప్పిల్ల" అంది.

ఉమ్ హాజిం ఊరుకుంటుందా? "అదేం మహరే, ఇంకా నాలుగు కాళ్ళ మీద సరిగ్గా నిలబడనైనా నిలబడదు" అంది.

"దాన్ని పుట్టించినవాడు నిలబెట్టలేడా?" అంది సబీహా. ఆ పైన ఇంకో మాట కూడా రాయించింది. ఆ పిల్లను ఏ అమీర్ అడిగినా, ఏ సుల్తాన్ అడిగినా దండుకు ఇవ్వకూడదు. ఖాజీ గారు కలం ఆపి మిఖ్దాద్ వంక చూశారు. కత్తులు చేసే మనిషి కదా, ఏమంటాడోనని. ఆయన తల ఊపి, "రాయండి" అన్నాడు.

కాబట్టి నువ్వు ఇప్పుడు నీ గుర్రాన్ని తీసుకురావడం లేదు, సబీహా గుర్రాన్ని తీసుకొస్తున్నావు. జాగ్రత్త. ఎండెక్కాక నడిపించకు. నీడ దొరికిన ప్రతి చోటా ఆగు, అది పాలు తాగేదాకా కదలకు. ఏడు రోజుల దారి ఇరవై రోజులైనా ఫరవాలేదు. సబీహా పెరట్లో గడ్డి పరిచి ఉంచింది. మాకెవరికీ తొందర లేదు.

మీ అక్క
లుబాబా